తూర్పు మలుపు

లారీ బాడీ మీద గీత లాగేటప్పుడు బసవపున్నయ్య ఊపిరి పీల్చడు. పొడుగు వెంట్రుకల బ్రష్షును ఎర్ర ఎనామిల్‌లో ముంచి, డబ్బా అంచుకు రెండుసార్లు ఒత్తి, డ్రైవరు తలుపు దగ్గర మొదలుపెట్టి వెనక చక్రం దాకా ఒకే నడకలో వస్తాడు. దారం కొట్టడు. టేపు అంటించడు. గీత పూర్తయ్యాకే గుండెల్లో బిగబట్టిన గాలి వదులుతాడు. ఆటోనగర్‌లో ఆ పని చేతనైనవాళ్లు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో మిగిలారు. తక్కినవాళ్లంతా స్టిక్కర్లకు మళ్లారు.

ఆ సోమవారం ఉదయం గీత సగంలో ఉండగా హెచ్చార్ మేడమ్ సింధూరి వచ్చి పక్కన నిలబడింది. పిలవలేదు. గీత చివరికంటా వెళ్లి, అతను బ్రష్షు కిందికి దించేదాకా ఆగింది. ఆ మాత్రం ఆగేవాళ్లు ఆఫీసులో ఆమె ఒక్కతే.

"బసవపున్నయ్య గారూ, గ్రౌండులో పరుగు పందేనికి గీత కొట్టాలండి. గురువారం పొద్దుటికి."

"మ్యాచ్ ఆదివారం కదమ్మా?"

"మ్యాచ్‌కి కాదండి, ఫిట్‌నెస్ టెస్టు." చేతిలో కాగితం ఇచ్చింది.

బసవపున్నయ్య చేతులు కిరోసిన్ గుడ్డతో తుడుచుకుని, కళ్లజోడు సర్దుకుని చదివాడు. కంపెనీ ఫుట్‌బాల్ జట్టులో ఈ మార్చితో కాంట్రాక్టు ముగిసేవాళ్లు తొమ్మిది మంది. పన్నెండు నిమిషాల్లో రెండువేల నాలుగు వందల మీటర్లు పరిగెత్తాలి. అంటే మూడు వందల మీటర్ల రౌండు ఎనిమిదిసార్లు. ఎనిమిదో రౌండు పూర్తి చెయ్యనివాళ్లకు కాంట్రాక్టు పొడిగించరు. కింద తొమ్మిది పేర్లు. నాలుగోది మరియదాసు. డిఫెండరు. వయసు ముప్పై ఎనిమిది. సర్వీసు పద్నాలుగేళ్లు.

ఆ అంకె మీద అతని బొటనవేలు ఆగింది. వేలికున్న ఎరుపు కాగితానికి అంటింది.

"పదిహేను నిండితే పర్మనెంట్ చెయ్యాలని పెద్దాయన రాయించిన కాగితంలో ఉందమ్మా."

"ఉందండి." సింధూరి లారీ మీద తడిగా మెరుస్తున్న గీతను చూస్తూ అంది. "దానికోసమే ఈ టెస్టు పెట్టారని నేను అనలేదు. మీరూ ఎవరితో అనకండి."

పెద్దాయన అంటే వెంకటకృష్ణారావు గారు. లారీలకు బాడీలు కట్టే ఈ షెడ్డు ఆయనదే, షెడ్డు వెనక కాలవ గట్టు పక్కన ఆ మైదానమూ ఆయనదే. స్టోర్సులో హెల్పర్లుగా, వెల్డింగులో హెల్పర్లుగా కుర్రాళ్లను తీసుకుని జట్టు కట్టి, ప్రతి ఆదివారం కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ కుర్చీ ఇప్పుడు సెక్యూరిటీ గదిలో ఉంది. ఇప్పుడు కంపెనీ చూస్తున్న కొడుకు జయంత్‌కు ఫుట్‌బాల్ మీద కోపం లేదు, ప్రేమా లేదు.

"కొలిచి కొట్టాలా అమ్మా? టేపు ఎవరన్నా తెస్తారా?"

"అదే అడిగానండి. బసవపున్నయ్య గీత కొడితే మళ్లీ టేపెందుకు అన్నారు జయంత్ గారు." ఆమె నవ్వింది. మెచ్చుకోలు చెప్పినందుకు అతను సంతోషిస్తాడనుకుంది.

*

మంగళవారం ఐదున్నరకు మరియదాసు కొండపల్లి నుంచి మొదటి బస్సులో వచ్చాడు. కాలవకు నీళ్లు కట్టేసి పది రోజులైంది. అడుగున బురద ఎండి పెచ్చులు లేస్తోంది. గట్టు దిగుతున్నప్పుడు అతను ఎడమ కాలిని వంచకుండా ముందు దించి, కుడికాలిని దాని పక్కకు చేర్చుకోవడం బసవపున్నయ్య చూశాడు. చూడనట్టు సంచిలోంచి ట్యూబు పట్టీలు తీశాడు.

దాసు మోకాలికి చుట్టుకోడానికి పాడైన లారీ ట్యూబుల్ని రెండంగుళాల పట్టీలుగా కోసి, అంచులు ఒరుసుకోకుండా గరుకు కాగితంతో రుద్ది ఇస్తాడు అతను. మందుల షాపులో దొరికే పట్టీకంటే ఇదే పట్టుగా ఉంటుందంటాడు దాసు. మైదానం చుట్టూ మనిషి నడిచి నడిచి పడిన దారి అంచున ఇద్దరూ కూర్చున్నారు.

"ఎన్ని చుట్లు?"

"మూడు చాలండి. నాలుగు చుడితే రక్తం ఆగిపోద్ది."

"నొప్పి ఎప్పుడు మొదలవుద్ది?"

"నాలుగో రౌండుకండి." దాసు పట్టీ చివర లోపలికి దోపుకున్నాడు. "ఆరో రౌండుకి నొప్పి ఉండదు."

"తగ్గుద్దా?"

"కాలే ఉండదండి."

నవ్వుతూ అన్నాడు కాబట్టి బసవపున్నయ్య కూడా నవ్వాడు.

ఫోనులో గడియారం నొక్కి అతను పడమటి గోలు పక్కన నిలబడ్డాడు. దాసు పరిగెత్తాడు. మొదటి మూడు రౌండ్లు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఆ తరవాత భుజాలు కదలడం మొదలైంది. కాలు చెయ్యాల్సిన పని భుజాలు చేస్తున్నాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ ఎడమ చెయ్యి గాల్లో దేన్నో పట్టుకోబోయినట్టు పైకి లేస్తోంది. పన్నెండో నిమిషం అయింది. దాసు తూర్పు మలుపు దాటి, ఉత్తరం వైపు దారిలో కొద్ది దూరం వచ్చి ఆగిపోయాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకోలేదు. పెట్టుకుంటే లేవడం కష్టం. నడుము మీద పెట్టుకుని ఆకాశం కేసి చూశాడు.

బసవపున్నయ్య అతనున్న చోటి నుంచి గోలు పక్క దాకా పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు. నూట ఏడు.

"ఎంతండి?"

"వంద పైన."

"ఆ వందా ఎక్కడ్నుంచి తెస్తాం మేస్త్రి గారూ, రెండ్రోజుల్లో?"

బసవపున్నయ్య ఫ్లాస్కు మూత తిప్పి టీ పోశాడు. మూతలో అతనికి, గ్లాసులో తనకు. "అక్షయకి చెప్పావా?"

"లేదండి. దానికి పదో క్లాసు పరీక్షలు. మా నాన్న ఇంకొక్క ఏడాదికి పర్మనెంట్ అయిపోతాడని క్లాసంతా చెప్పేసింది. ఇప్పుడు చెబితే పుస్తకం ముట్టదు." టీ ఊదుకుని తాగాడు. "అయినా పదమూడు సార్లు పొడిగించారు కదండీ. పద్నాలుగోసారి ఎందుకు పరిగెత్తమంటున్నారో నాకు తెలీదా ఏంటి?"

గేటు దగ్గర స్కూటరు ఆగింది. గోల్‌కీపరు తిరుపతిరావు హెల్మెట్టుతోనే మైదానంలోకి వచ్చాడు. అతనికి ముప్పై రెండు. జెర్సీ పొట్ట దగ్గర నెంబరు సాగి వెడల్పయింది.

"ఏంటి దాసన్నా, నన్ను పిలవకుండా మొదలెట్టేశావా?"

"నువ్వొస్తే నేల అదురుద్దని పిలవలేదు."

"నవ్వండి, నవ్వండి." తిరుపతిరావు హెల్మెట్టు తీసి నేల మీద పెట్టి దాని మీద కూర్చోబోయి, మళ్లీ లేచి గడ్డిలో కూర్చున్నాడు. "మేస్త్రి గారూ, మీరే చెప్పండి. నేను గోల్‌కీపర్ని. నా ఉద్యోగమే ఒకచోట నిలబడటం. నన్ను రెండు కిలోమీటర్ల నాలుగు వందలు పరిగెత్తమంటే ఎట్టాగండీ? పోనీ బంతిని పరిగెత్తించమనండి, నేను పట్టుకుంటా."

దాసు నవ్వాడు. నవ్వుతూనే పట్టీ విప్పుతున్నాడు. కింద మోకాలు, చుట్టు తగలని చోట, నీళ్లు పోసిన బెలూనులా ఉబ్బి ఉంది. తిరుపతిరావు అది చూసి మాట ఆపేశాడు. కాసేపటికి లేచి, తన సీసాలో చల్లనీళ్లు ఆ మోకాలి మీద సన్నగా పోశాడు.

*

బుధవారం సాయంత్రం నాలుగింటికి బసవపున్నయ్య అడుగున చిల్లులున్న రేకు డబ్బాలో సున్నప్పొడి నింపుకుని మైదానానికి వచ్చాడు. ఎవరూ లేరు.

ఆ మైదానంలో అతని గుర్తులు ఆరు. పాత లారీ ఇరుసుల్ని జానెడేసి ముక్కలు కోసి, రెండు మలుపుల దగ్గరా మూడేసి, తల నేలకు సమంగా ఉండేలా పాతారు. పెద్దాయన స్వయంగా టేపు పట్టిన రోజు అది. సమ్మెటతో కొట్టింది మరియదాసు. ఆ ఆరు ఇనప తలల మీదుగా గీత పోతే చుట్టూ సరిగ్గా మూడు వందలు. పరుగుకు గీత కొట్టాల్సి వచ్చేది ఏడాదికి ఒకసారో రెండుసార్లో. కొత్త కుర్రాళ్లకు ఆ ఇనుము అక్కడున్నట్టే తెలియదు.

పడమటి మలుపు కొట్టాడు. దక్షిణం వైపు తిన్నగా వచ్చాడు. డబ్బాను మునివేళ్లతో తడుతూ, ఊపిరి బిగబట్టి, చూపు ఇరవై అడుగుల ముందు పెట్టి నడిచాడు. తూర్పు మలుపు మొదట్లో ఇనప తల ఇంకో ఏడు అంగల దూరం ఉందనగా ఆగాడు.

నిన్నటి నుంచి అతని బుర్రలో ఒక్కటే లెక్క తిరుగుతోంది. మలుపు ఏడు అంగలు లోపలికి జరిగితే పోయేటప్పుడు ఏడు, వచ్చేటప్పుడు ఏడు. రౌండుకి పద్నాలుగు. ఎనిమిది రౌండ్లకి నూట పన్నెండు.

దాసుకు చెబితే ఒప్పుకోడు. అందుకే చెప్పలేదు.

మూడేళ్ల కిందట ఒక ఆసుపత్రిలో, లిఫ్టు చెడిపోయిన రోజు, బసవపున్నయ్య భార్య కనకలక్ష్మిని మూడో అంతస్తు నుంచి అంబులెన్సు దాకా రెండు చేతుల మీద దించింది దాసు. ప్రతి మెట్టు దగ్గరా "ఇంకొక్కటమ్మా, ఇంకొక్కటి" అని ఆమెకు చెబుతూ దించాడు. అప్పటికే ఆ మోకాలు బాగోలేదు. ఆ సంగతి తరవాత ఎన్నడూ ఎత్తలేదు.

బసవపున్నయ్య డబ్బా కింద పెట్టాడు. మూడు ఇనప తలల దగ్గరికీ వెళ్లి, చెప్పుతో మట్టి లాగి కప్పి, పైన ఎండు గడ్డి చల్లాడు. తిరిగి వచ్చి డబ్బా ఎత్తి, ఏడు అంగల ముందే మలుపు తిప్పాడు.

గీత అందంగానే వచ్చింది. ఎక్కడా వంకర లేదు. అసలు మలుపుకంటే ఇదే గుండ్రంగా కుదిరిందేమో అనిపించింది. కాలవ గట్టు మీద కూర్చుని చేతులకు అంటిన సున్నం చాలాసేపు రుద్దుకున్నాడు.

*

గురువారం ఆరున్నరకు తొమ్మిది మందీ వరసలో నిలబడ్డారు. సింధూరి మెళ్లో ఈల, చేతిలో స్టాప్ వాచీ, అట్ట మీద కాగితం. జయంత్ కారు దగ్గరే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. బసవపున్నయ్య తన ఫోనులో కూడా గడియారం పెట్టుకుని పడమటి గోలు పక్కన నిలబడ్డాడు.

ఈల మోగింది.

కుర్రాళ్లు ముందుకు దూకారు. తిరుపతిరావు చివర్లో, దాసు నడిమధ్య. దక్షిణం వైపు తిన్నటి దారిలో దాసు చక్కగా పోయాడు. తూర్పు మలుపు వచ్చింది. ముందున్న నలుగురూ గీత పట్టుకుని తిరిగిపోయారు.

దాసు వేగం తగ్గించాడు. తల దించి గీతను చూశాడు. ఆ తరవాత ఎదుట ఖాళీ నేలను చూశాడు. రెండు క్షణాలు, అంతే. గీత దాటి బయటికి, తిన్నగా, ఎవరూ పోని వైపు పరిగెత్తాడు. ఏడు అంగల అవతల మలుపు తిరిగి, ఎండు గడ్డి చల్లి ఉన్న చోటికి అవతలి పక్కగా చుట్టి, మళ్లీ వచ్చి గీతలో కలిశాడు.

బసవపున్నయ్య చేతిలో ఫోను చెమటకు జారింది.

"దాసన్న ఏంటి అంత దూరం పోతున్నాడు?" సింధూరి అడిగింది.

"మోకాలమ్మా." చూపు ఫోను మీదే ఉంచాడు. "మలుపు దగ్గరగా తిరగలేడు."

రెండో రౌండులోనూ అంతే. మూడో రౌండులో దాసు తన ముందు నుంచి పోతుంటే బసవపున్నయ్య అరచెయ్యి లోపలికి ఊపాడు. లోపలికి రా, లోపలికి. దాసు అతని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగించుకుని పోవడం మాత్రం కనిపించింది. నాలుగో రౌండుకు భుజాలు కదలడం మొదలైంది. ఐదో రౌండులో తిరుపతిరావు అతన్ని దాటిపోయాడు.

"అన్నా, గీత మీద రా అన్నా, ఎందుకు పిచ్చోడిలా బయటికి పోతావు?" అని రొప్పుతూ అరిచాడు.

"నువ్వు పో రా. ఊపిరి దాచుకో."

ఎనిమిదో రౌండు. కుర్రాళ్లు ఒక్కొక్కరే గోలు పక్క నుంచి దాటిపోతున్నారు. సింధూరి టిక్కులు పెడుతోంది. పదకొండున్నర నిమిషాలకు తిరుపతిరావు, నోరు తెరుచుకుని, చేతులు వేలాడేసుకుని వచ్చి గీత దాటి గడ్డిలో వెల్లకిలా పడ్డాడు. "దాటానా? మేడమ్, దాటానా?" అని పడుకునే అడుగుతున్నాడు. ఆమె తలూపితే రెండు చేతులూ ఆకాశం వైపు జోడించాడు.

బసవపున్నయ్యకు అప్పుడు తెలిసింది. నిన్నంతా అతను లెక్క వేసింది ఒక్క మనిషికి. గీత అందరిదీ అన్న సంగతి మరిచిపోయాడు. అసలు గీత మీద అయితే తిరుపతిరావు ఈ ఏడాది ఇంటికి పోయేవాడే.

దాసు ఉత్తరం వైపు దారిలో ఉన్నాడు. ఎడమ చెయ్యి గాల్లోకి లేస్తోంది, దిగుతోంది. నిన్నా మొన్నా లేని బలం ఎక్కడి నుంచో తెచ్చుకుని పరిగెత్తుతున్నాడు. ఫోనులో పన్నెండు నిమిషాలు పడింది. బసవపున్నయ్య ఈల కోసం బిగుసుకున్నాడు. ఈల రాలేదు. పక్కకు చూశాడు. సింధూరి స్టాప్ వాచీ వైపే చూస్తోంది. ఈల పెదవుల మధ్యే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. జయంత్ కారు దగ్గర నుంచి తలెత్తాడు. ఆరో సెకనుకు ఆమె ఊదింది.

దాసు ఆగాడు. గోలు పక్క గీతకు ఇంకా ఇరవై అంగల దూరం.

గీత మీద పరిగెత్తి ఉంటే అరనిమిషం ముందే దాటేవాడు. ఆ సంగతి తెలిసినవాళ్లు మైదానంలో ఇద్దరే.

జయంత్ కాగితం అందుకుని చూశాడు. "ఒక్కడేనా ఫెయిలయింది?" కనుబొమలు ముడిపడ్డాయి. గడ్డిలో పడి ఉన్న గోల్‌కీపరు పొట్ట ఎగసి పడటం చూశాడు. "తిరుపతిరావు ఎనిమిది రౌండ్లు కొట్టాడా? ఇతను కొట్టాడంటే గ్రౌండే చిన్నదై ఉండాలి."

కుర్రాళ్లు నవ్వారు. జయంత్ నవ్వలేదు.

"సింధూరీ, రేపు ఏడింటికి కాలేజీ నుంచి పీఈటీ సారుని పిలిపించు. టేపు పెట్టి కొలవమను. తేడా ఉంటే టెస్టు క్యాన్సిల్, మళ్లీ పెడదాం." కారు తలుపు తీస్తూ బసవపున్నయ్య వైపు తిరిగాడు. "మీ మీద అనుమానం కాదండీ. ఫార్మాలిటీ."

"మంచిది బాబూ," అన్నాడు బసవపున్నయ్య.

దాసు అప్పటికే గట్టు ఎక్కుతున్నాడు. కుడికాలు వేసి ఎడమకాలు చేర్చుకుంటూ. తొమ్మిదింటికి స్టోర్సులో డ్యూటీ ఉంది.

*

ఆ మధ్యాహ్నం బసవపున్నయ్య మూడుసార్లు గీత మొదలుపెట్టి మూడుసార్లు కిరోసిన్ గుడ్డతో తుడిచేశాడు. నాలుగోసారి బ్రష్షు కడిగి పక్కన పెట్టి, ఒంట్లో బాగోలేదని చెప్పి కూర్చున్నాడు. క్యారియరు విప్పితే అన్నం పెరుగులో నాని చల్లగా ఉంది. రెండు ముద్దలు తిని మూత పెట్టాడు.

ఐదింటికి చీపురు, సున్నం డబ్బా పట్టుకుని మైదానానికి వెళ్లాడు. తూర్పు మలుపు దగ్గర మనిషి ఉన్నాడు. మరియదాసు. పక్కన కుళాయి దగ్గర నుంచి మోసుకొచ్చిన బకెట్టు. దోసిలితో నీళ్లు చల్లి, సున్నం పీల్చుకున్నాక పాత గోనెపట్టాతో రుద్ది, పైన పొడిమట్టి జల్లుతున్నాడు. సగం మలుపు అప్పటికే లేదు.

బసవపున్నయ్య కొంచెం దూరంలో ఆగాడు.

"ఎండ తగ్గాక వస్తారనుకున్నా," అన్నాడు దాసు తలెత్తకుండా. "ఎండలో నీళ్లు చల్లితే మచ్చ పడుద్దండి. ఇప్పుడైతే పొద్దుటికి ఆరిపోద్ది."

"దాసూ, నేను ఆఫీసుకి పోతున్నా. చెప్పేస్తా. టెస్టు క్యాన్సిల్ చేస్తానన్నాడుగా చిన్నాయన. మళ్లీ పెడతాడు. ఈలోగా మోకాలు కొంచెం..."

"మళ్లీ పెడితే మళ్లీ ఓడిపోతానండి."

"ఇవాళ ఇరవై అంగలేగా తక్కువైంది!"

"ఇవాళ ఉన్నదంతా పెట్టేశా. ఇక లేదు." దాసు గోనెపట్టా పిండాడు. తెల్లటి నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి. "మీరు పోయి చెబుతారు. మిమ్మల్ని పంపించేస్తారు. తిరుపతిరావు మళ్లీ పరిగెత్తాలి, ఇంటికి పోతాడు. వాడికి ఇద్దరు చిన్నపిల్లలు. ఇందరం పోతే నాకేం వస్తదండీ?"

"మరి గీత మీదే పోవచ్చుగా! నీకోసమేగా కొట్టింది! నా జన్మలో ఒక్కటంటే ఒక్క తప్పుడు గీత కొట్టా, అది కూడా దండగ చేశావు కదరా!" 'రా' అన్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్లలో అనలేదు ఎప్పుడూ.

దాసు మొదటిసారి తలెత్తి చూశాడు. కోపంగా లేడు.

"పోదామనే అనుకున్నా మేస్త్రి గారూ. అబద్ధం ఎందుకు? గీత చూడగానే అర్థమైంది. దేవుడా, మా మేస్త్రి ఎంత పని చేశాడు అనుకున్నా. పోదామనే అనుకున్నా." బకెట్టు లాక్కుని ఇంకో రెండడుగులు జరిగాడు. "కాలు పోలేదండి. పద్నాలుగేళ్లు ఆ ఇనుము అవతల నుంచి తిరిగిన కాలు. చెబితే వినలేదు. రెండో రౌండు నుంచి మాత్రం నేనే పోలేదు. కొలుస్తారేమోనని భయమేసింది, ఎవరన్నా ఒక్కడైనా సరిగ్గా పరిగెత్తాడని ఉండాలనిపించింది. అంతేనండి. పెద్ద ఆలోచనేం కాదు."

బసవపున్నయ్య చీపురు అందుకున్నాడు. ఇద్దరూ కలిసి మిగతా సగం చెరిపారు. దాసు తడిపాడు, బసవపున్నయ్య ఊడ్చాడు. గట్టు మీద కొంగలు నాలుగు ఎండిన కాలవలో దిగి, ఏమీ దొరక్క లేచిపోయాయి.

చెరపడం అయ్యాక దాసు ఖాళీ నేల మీదికి నడిచి, బూటుతో గడ్డి తప్పించి, మట్టి గీరాడు. మొదటి ఇనప తల బయటపడింది. తరవాత రెండోది, మూడోది. మలుపు నడిమధ్య ఇనుము మీద నిలబడి, ఫ్రీకిక్కుకు అడ్డంగా ఆటగాళ్లు గోడలా నిలబడినప్పటిలా రెండు చేతులూ ముందు కట్టుకున్నాడు.

"రండి. నేను కనబడుతున్నానా?"

"కనబడుతున్నావు. కదలకు."

పొద్దు దిగుతోంది. బసవపున్నయ్య డబ్బా నింపుకుని, దక్షిణం గీతను మొదటి ఇనుము దాకా పొడిగించి, అక్కడ నిలబడి, ఎదురుగా ఉన్న మనిషిని చూశాడు. ఎడమ మోకాలు కొంచెం వంగి ఉంది. బరువంతా కుడికాలి మీదే. ఊపిరి బిగబట్టాడు. మునివేళ్లతో డబ్బాను తడుతూ నడిచాడు. మధ్యాహ్నం మూడుసార్లు తప్పిన చెయ్యి ఇప్పుడు తప్పలేదు. అందుకు అతనికి సిగ్గేసింది. గీత వచ్చి దాసు బూట్ల దగ్గర ఆగింది. బూట్ల మీద సన్నగా సున్నం పడింది.

"పక్కకి రా."

దాసు పక్కకు తప్పుకున్నాడు. గీత అతని కాళ్ల అవతల నుంచి మళ్లీ మొదలై మూడో ఇనుము దాకా సాగి, ఉత్తరం దారిలో కలిసింది. నడుమ రెండు పాదాల మేర ఖాళీ మిగిలింది. బసవపున్నయ్య వెనక్కి వచ్చి ఆ ఖాళీ ముందు డబ్బాతో నిలబడిపోయాడు.

"నింపండి మేస్త్రి గారూ," అన్నాడు దాసు పట్టీ విప్పుకుంటూ. "తెగిన గీత మీకు నప్పదు."

బసవపున్నయ్య వంగి నింపాడు. అక్కడ మనిషి నిలబడ్డాడని ఎవరికీ తెలియదు.

ఇద్దరూ గట్టు ఎక్కారు. దాసు ట్యూబు పట్టీని మడిచి ఇవ్వబోయాడు. "ఉంచుకో," అన్నాడు బసవపున్నయ్య. దాసు దాన్ని ప్యాంటు జేబులో పెట్టుకుని కొండపల్లి బస్సు కోసం రోడ్డు మీదికి పోయాడు.

*

శుక్రవారం ఏడింటికి పీఈటీ సారు ఇద్దరు మనుషులతో టేపు పట్టించాడు. ఒకసారి కొలిచి, నమ్మకం లేక రెండోసారి కొలిచాడు. మూడు వందల మీటర్లు. రెండంగుళాలు కూడా తేడా లేదు. సింధూరి పక్కనే నిలబడి తలవంచుకుని రాసుకుంది. ఆమె తూర్పు మలుపు దగ్గర నేలలో మెరుస్తున్న ఇనుమును చూసింది. నిన్న అది అక్కడ కనబడిందా లేదా అని కాసేపు ఆలోచించినట్టుంది. బసవపున్నయ్య వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కాగితం తిప్పేసింది.

"దారం పెట్టకుండానే కొట్టారటగా?" పీఈటీ సారు టేపు చుట్టుకుంటూ అన్నాడు. "నేను ముప్పై ఏళ్లుగా గ్రౌండ్లు చూస్తున్నానండీ. గీతంటే ఇదీ."

కొలత సరిపోయింది, టెస్టు చెల్లుతుందని రాసిన కాగితం కింద సాక్షి అని ఉన్న చోట సింధూరి వేలు పెట్టి చూపించింది. బసవపున్నయ్య చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు.